మూడో నంబరు వాన గిన్నె

ఒమన్‌లో ఏం పని చేస్తావని మా ఊళ్లో ఎవరైనా అడిగితే "వాన కొలుస్తాను" అని చెబుతాను. చాలామంది నవ్వుతారు. ఎడారి దేశంలో వాన కొలవడమంటే బోడిగుండుకు దువ్వెన కొన్నట్టే కదా అని మా బావమరిది ఒకసారి పెళ్లిపందిట్లో అందరి ముందూ అన్నాడు. నాది ముక్కుమీది కోపం. విస్తరి ముందు నుంచి లేచిపోయాను. మా ఆవిడ బతిమాలి మళ్లీ కూర్చోబెట్టింది కానీ ఆ మాట నేను మర్చిపోలేదు. నా పని మీద నాకు అంత గర్వం. ఆ గర్వం ఒక చలికాలంలో మట్టిలో కలిసిపోవాల్సింది. ఆ సంగతే రాస్తున్నాను.

ఈ దేశానికి వచ్చిన కొత్తలో అందరిలాగే సైట్లలో సెంట్రింగ్ పని చేశాను. తర్వాత ఒక కంపెనీ హజర్ కొండల మీద వాన మిషన్లు నిలబెడుతుంటే ఇనుప చట్రాలు బిగించే పనికి పైకెక్కాను. ఆ చట్రాలకు సన్నని తీగలు చుట్టి ఉంటాయి. మబ్బు పట్టిన రోజు వాటిలోకి కరెంటు వదులుతారు. అది గాలిలోని సన్నటి దుమ్ముకు అంటుకుని, కొండవాలు వెంట లేచే గాలితో మబ్బులోకి పోతుంది. అక్కడ చుక్కలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి కురుస్తాయి. నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి. మందు లేదు, పొడి లేదు, విమానం లేదు. నేను ఊరు విడవకముందు మా జిల్లాలో మేఘమథనం అని విమానాలు తిరిగాయి. మిద్దెలెక్కి చూశాం. మోత వినబడింది, వాన జాడ మాత్రం లేదు.

చట్రాలు బిగించడం అయిపోయాక కూడా కంపెనీ నన్ను పంపలేదు. ఎత్తులెక్కగలిగి, అంకెలు తప్పు లేకుండా రాయగలిగి, వారాల తరబడి కొండమీది రూమ్‌లో ఉండగలిగే మనిషి వాళ్లకు కావాలి. చుట్టుపక్కల వాలుల మీద ఏడు వాన గిన్నెలు పెట్టారు. ఆఫీసువాళ్లు వాటిని గేజులంటారు, నాకు మాత్రం గిన్నెలే. పైన గరాటు, కింద సీసా. వాన పడ్డాక ఏడింటి దగ్గరికీ పోయి ఎంత పడిందో రాసుకోవాలి. సీసా మార్చి, మూత బిగించి, నంబరు అంటించాలి. నాతోపాటు బండి నడిపే మనిషిది మా పక్క మండలమే. నాకంటే రెండేళ్లు చిన్న, నన్ను అన్నా అంటాడు, నేను తమ్మీ అంటాను. పదేళ్లుగా ఒకరి వంట ఒకరం తిట్టుకుంటూ బతుకుతున్నాం.

వాన పెరిగితే కొండకు ఏమవుతుందో నేను కాళ్లతో నడిచి చూశాను. కొన్ని వాలుల్లో మేకలకు ఎన్నడూ లేనంత గడ్డి మొలిచింది. బండల సందున చిన్న చిన్న మొక్కలు తలెత్తాయి. వాగు గుంటల్లో కప్పలు అరిచాయి. అదే వానకు మెట్ల మడుల గోడలు రెండుచోట్ల కూలి, తాతల నాటి నుంచి మోసుకొచ్చి పోసుకున్న మట్టి వాగులో కొట్టుకుపోయింది. కింది ఊళ్లవాళ్లు మా మబ్బును మీరే పైన పిండేసుకుంటున్నారని దెప్పారు. ఇదంతా మిషన్ వల్లే అని నేను అనను. ఒక్క వానను చూసి ఇది మిషన్ వాన, ఇది దేవుడి వాన అని ఎవడూ తేల్చలేడు. ఏళ్ల తరబడి నిజాయితీగా కొలిస్తేనే ఏదైనా తెలుస్తుంది. అందుకే నాకంత పొగరు ఉండేది.

మిషన్ కింది ఊళ్లో ఫలజ్ నీళ్లు పంచే పెద్దాయన ఒకరున్నారు. ఫలజ్ అంటే కొండ కడుపులోని ఊటను మడులదాకా తెచ్చే రాతికాలువ. ఎవరి దానిమ్మ తోటకు ఎంతసేపు నీళ్లో, ఎండలో పాతిన కర్ర నీడను చూసి ఆయన చెబుతాడు, ఊరు ఒప్పుకుంటుంది. వయసులో బొంబాయి తిరిగినవాడు, హిందీ బాగానే వచ్చు. నేను చాచా అనేవాణ్ని. ఆయనకు మొదటినుంచీ మా మిషన్ మీద అనుమానమే.

"నువ్వు పైన వదిలేది నా కాలువలోకి వస్తుంది. కాలువలోంచి దానిమ్మకాయలోకి, కాయలోంచి నా మనవళ్ల కడుపులోకి వస్తుంది. అదేమిటో చెప్పు" అన్నాడు ఒకరోజు.

"వట్టి కరెంటు చాచా" అన్నాను.

"ఇనుముకు తుప్పు పట్టకుండా రంగు వేశారు కదా. ఎండకు ఆ రంగు పొట్టు లేస్తుంది. అదెక్కడికి పోతుంది?"

ఆ మాటే ఆఫీసును అడిగాను. వాళ్లకూ తెలియదు. చివరికి ఊరికీ కంపెనీకీ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఒక చలికాలమంతా ప్రతి వాన సీసానూ, ఫలజ్ నీళ్లనూ, మడుల మట్టినీ పరీక్ష చేయించాలి. ఏం తేలితే అది ఊరి సబ్లాలో, అంటే ఊరంతా కూర్చుని మాట్లాడుకునే గదిలో, చదివి వినిపించాలి. నీళ్లు చెడ్డవని తేలితే చట్రాలు పీకేయాలి. ఊరి నీళ్ల మంచిచెడూ, మిషన్ ఉండేదీ ఊడేదీ, నా కొలువూ ఆ సీసాల్లో పడ్డాయి.

ఈ పరీక్ష చూసేది మస్కట్‌లో అల్ ఖువైర్ ఆఫీసులోని ఇంజనీరమ్మ. ఒమనీ పిల్ల, పుట్టింది ఇలాంటి కొండ ఊళ్లోనే. ఊరితో ఒప్పందం కుదిర్చింది కూడా ఆమే. చేతి తొడుగులు వేసుకోవడం దగ్గరినుంచి అన్నీ నాకు పక్కన నిలబడి నేర్పింది. చలికాలం మొదలయ్యేలోపు ఏడు గరాటులనూ తామిచ్చిన శుద్ధమైన నీళ్లతో కడగాలని చెప్పింది. "ఏం జరిగినా పుస్తకంలో రాయి. మేక రాసుకుపోయినా రాయి" అంది. నేను మేకను రాశాను, పిట్ట రెట్ట రాశాను, దుమ్ముగాలి రాశాను. నా పుస్తకంలో కొట్టివేత ఒక్కటి కూడా లేదని ఆమె మిగతావాళ్లకు చూపించేది. నేను ఆ సంగతి మా ఆవిడకు ఫోన్‌లో మూడుసార్లు చెప్పాను.

ఆ ఏడు దసరాకు తమ్మి కింద మైదానంలోంచి గాఫ్ చెట్టు కొమ్మ తెచ్చాడు. ఇక్కడివాళ్లు గాఫ్ అంటారు కానీ, అది మన జమ్మే. ఆకులు చేతుల్లో పెట్టుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నాం. బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. పానాలకు, నిచ్చెనకు, కరెంటు పెట్టె తలుపుకు బొట్లు పెట్టాం. మూడో నంబరు గిన్నె మా రూమ్ పక్కనే ఉంటుంది, దాని దగ్గర కూర్చునే రోజూ చాయ్ తాగుతాం. అన్నం పెట్టే పనిముట్టును వదిలేసి దసరా చేస్తామా? మా ఆవిడ జాతరలో కొని పంపిన కుంకుమ తీశాను. బయట పెడితే ఎండకు రాలిపోతుందని, నీళ్లతో తడిపి గరాటు లోపలి అంచుకు దట్టంగా పెట్టాను. "ఈసారి నిండు తల్లీ" అని దండం పెట్టుకున్నాను. కొలిచేవాడు అలా కోరుకోకూడదని అప్పుడు తట్టలేదు.

నవంబరు చివర గిన్నెలు కడిగాను. ఆరింటిని తోమి తోమి కడిగాను. మూడోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. పూజ చేసి పెట్టిన బొట్టును మనంతట మనం తుడవకూడదు. గడపకు పెట్టిన బొట్టు దానంతటది పోయేదాకా మా అమ్మ చీపురు కూడా తగలనిచ్చేది కాదు. అందుకని చుట్టూ కడిగి బొట్టును వదిలేశాను. పుస్తకంలో "ఏడు గిన్నెలు కడిగాను" అని రాశాను. ఒట్టు, అబద్ధం రాస్తున్నానని మాత్రం అనుకోలేదు. పండుగను డ్యూటీ పుస్తకంలో ఎవరు రాస్తారు?

ఆ చలికాలం వానలు బాగా పడ్డాయి. పైన వడగళ్లు కూడా పడ్డాయి. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే నోట్లో పెట్టుకుని ఊదుకుంటూ సీసాలు మార్చాను. మూడో నంబరు సీసాలో నీళ్లు కాస్త ఎర్రగా కనబడ్డాయి. ఈ కొండ మట్టే ఎరుపు కనుక "దుమ్ము" అని రాసి పంపేశాను. కింద ఫలజ్ నిండుగా పారింది. దానిమ్మ చెట్ల మొదళ్లలో నీళ్లు నిలిచిన చప్పుడు వింటుంటే, ఇందులో నా చెయ్యీ ఉందనిపించి ఒళ్లు పొంగేది.

ఎండలు ముదరకముందే ఇంజనీరమ్మ ఒక్కతే బండి నడుపుకుంటూ పైకి వచ్చింది. ఆమె మొహం పీక్కుపోయి ఉంది. ఆరు గిన్నెల నీళ్లు బాగున్నాయి, ఫలజ్ నీళ్లు బాగున్నాయి, మట్టి బాగుంది. మూడో నంబరు గిన్నె నీళ్లలో మాత్రం సీసం ఉందట. అది మిషన్‌కు అన్నిటికంటే దగ్గరి గిన్నె కనుక, చట్రం రంగులోంచే వచ్చి ఉంటుందని ఆఫీసులో అంటున్నారట.

"పెద్దాయన అడిగిందే నిజమైంది. వచ్చే గురువారం ఊరికి చెప్పాలి" అంది. "మూడో నంబరు దగ్గర ఏమైనా జరిగిందా?"

నేను పుస్తకం తిరగేసి "దుమ్ము" అన్నాను. ఆమె వెళ్లిపోయింది.

చాయ్ పెట్టుకుని అలవాటుగా ఆ గిన్నె పక్కన కూర్చున్నాను. గరాటులోకి తొంగి చూస్తే లోపలి అంచున గులాబీరంగు మరక ఒకటి సన్నగా మిగిలి ఉంది. జాతరల్లో అమ్మే చవక కుంకుమలో సీసం రంగు కలుపుతారని ఎప్పుడో విన్న మాట గుర్తొచ్చి, గ్లాసు పట్టుకునే లేచి నిలబడ్డాను.

"ఏందన్నా గట్ల నిలవడ్డవ్?" అన్నాడు తమ్మి.

"కుంకుమ తమ్మీ. దసరకు వెట్టిన కుంకుమ. గదే నీళ్లల్ల వడ్డది."

వాడు తొంగి చూశాడు.

"ఊకో అన్నా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నువ్వెందుకు ముంగటికి పోతవ్? మిషన్ రంగే అని ఆళ్లే అంటున్రు గదా."

"గట్లయితే చట్రాలు పీకుతరు గదరా."

"పీకనియ్. ఇంకో సైట్ల పని దొరుకుతది. నువ్వు జెప్తే, కంపెనీ సామాన్ల మీద పూజలు జేసిండ్రని ఇద్దర్ని ఇంటికి తోలుతరు. నా బిడ్డ సదువు నడిమిట్ల ఉన్నది."

వాడన్నదాంట్లో తప్పు లేదు. తప్పు లేదు కాబట్టే నాకు ఒళ్లు మండింది. "కుంకుమ వెట్టింది నేను, నీ పేరు నా నోట్లకెల్లి రాదు పో" అని అరిచి గ్లాసు విసిరికొట్టాను. ఆ తర్వాత మూడు రోజులు తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. అన్నం దిగలేదు. పనికి తగ్గ మాటలు తప్ప మేం మాట్లాడుకోలేదు.

నాలుగో రోజు బియ్యానికి ఊళ్లోకి దిగాం. రిపోర్టు సంగతి అప్పటికే ఊరికి పొక్కింది. ఒక సందులో చాచా ఎదురొచ్చాడు. ఆయన భుజం మీద దుకాణంలో కొన్న నీళ్ల సీసాల అట్టపెట్టె ఉంది. పుట్టినప్పటినుంచి ఫలజ్ నీళ్లు దోసిట్లో పట్టి తాగిన మనిషి. తాను పంచిపెట్టే ఆ నీళ్లనే మనవళ్లకు ఇవ్వడానికి భయపడి, ఆ వయసులో అట్టపెట్టె మోస్తున్నాడు. నన్ను చూసి ఆగి, "నీ తప్పేం లేదులే. నువ్వు కొలిచావు, అంతే" అన్నాడు. చెంప మీద కొట్టినా ఆ మాట తగిలినంతగా తగిలేది కాదు.

అక్కడినుంచే మస్కట్ పోనియ్యమన్నాను. తమ్మి నా మొహం చూసి బండి తిప్పాడు.

అల్ ఖువైర్ ఆఫీసులో ఇంజనీరమ్మ బల్ల మీద కుంకుమ పొట్లం, పుస్తకం పెట్టాను. "మేడం, ఆ సీసం మిషన్‌ది కాదు, నాది" అన్నాను. దసరా సంగతి, బొట్టు సంగతి, కడగకుండా వదిలేసిన సంగతి, నాకు వచ్చిన హిందీ, ఇంగ్లీషు, అరబీ అన్నీ కలిపి చెప్పాను. బొట్టును ఎందుకు తుడవమో చెప్పడానికి మాత్రం ఏ భాషా చాల్లేదు. ఆమె చివరిదాకా విన్నది. తర్వాత పుస్తకంలో ఆ పేజీ తెరిచింది.

"ఏడూ కడిగానని రాశావు. ఇక నీ చేత్తో రాసిన ఏ మాటను నమ్మాలి?"

ఆమె గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. పెద్ద బాసు వచ్చి రెండు ముక్కల్లో తేల్చాడు. పొట్లం ల్యాబుకు పోతుంది. నేను ఇకమీద గిన్నెలు ముట్టకూడదు. నన్ను వేరే సైట్‌కు మారుస్తారు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పాపం పోయిందో లేదో గానీ గిన్నెలు మాత్రం పోయాయి.

బుధవారం ల్యాబు మాట వచ్చింది. కుంకుమలో సీసం ఉంది, మూడో గిన్నెలోనిది అదే. మా ఆవిడకు ఫోన్ చేసి ఇంట్లో మిగిలిన ఆ కుంకుమ పారేయమని చెప్పాను. దేవుడి కుంకుమను పారేయమంటావా అని ఆమె నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

గురువారం సబ్లాకు నన్ను రమ్మని ఎవరూ అనలేదు. అయినా తమ్మిని తీసుకుని వెళ్లాను. చాపల మీద ఊరి మగవాళ్లంతా కూర్చున్నారు. ఖర్జూరాలు, ఖహ్వా అనే ఇక్కడి కాఫీ తిరిగాయి. ఇంజనీరమ్మ ఒక్కొక్క గిన్నె సంగతీ చదివింది. మూడో నంబరు రాగానే నేను లేచి నిలబడ్డాను. జరిగింది హిందీలో చెప్పాను, చాచా అరబీలో ఊరికి చెప్పాడు. కొందరు నవ్వారు. అంతలో మూలనుంచి ఒకాయన గట్టిగా ఏదో అన్నాడు, గదంతా గోల లేచింది. చాచా నావైపు తిరిగాడు.

"తప్పు మిషన్‌దేనట. కంపెనీయే ఒక కూలివాణ్ని పట్టుకుని ఈ నేరం నెత్తిన వేసుకొమ్మని పంపిందట. నువ్వేమంటావ్?"

నాకు తల తిరిగిపోయింది. నిజం చెబితే తిడతారని అనుకున్నాను గానీ, నమ్మరని అనుకోలేదు. చాచా చెయ్యెత్తి గదిని ఊరుకోబెట్టాడు. ఎవరి నీళ్ల వంతు ఎంతో తేల్చేటప్పుడు అడిగినట్టే, మెల్లగా అడిగాడు.

"నువ్వు చెప్పకపోతే నీకేం పోయేది?"

"ఏమీ పోయేది కాదు చాచా. చట్రాలు పీకేవాళ్లు. నేను ఇంకో సైట్‌కు పోయేవాణ్ని."

"చెప్పినందుకు?"

"గిన్నెలు తీసేసుకున్నారు. ఈ కొండ మీద ఇదే నా చివరి వారం."

ఆయన ఇంజనీరమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. ఆయన అదంతా అరబీలోకి మార్చి చెప్పాడు. మూల కూర్చున్న మనిషి ఖర్జూరాల పళ్లెం నావైపు జరిపాడు.

మమ్మల్ని బయటికి పంపి వాళ్లు లోపల మాట్లాడుకున్నారు. గోడనీడలో నేను, తమ్మి, ఇంజనీరమ్మ కూర్చున్నాం. చాలాసేపటికి చాచా చేతిరాత కాగితం ఒకటి తెచ్చి ఆమెకిచ్చాడు. ఆమె చదివి మాకు హిందీలో చెప్పింది. మిషన్ ఉండొచ్చు, మూడు షరతులున్నాయి. ప్రతి చలికాలం ఫలజ్ నీళ్లు పరీక్షించి సబ్లాలో చదవాలి. చట్రాల మీద పొట్టు లేచే రంగు గీకేయాలి. మూడో షరతును ఆమె తనలో తాను మళ్లీ ఒకసారి చదువుకుని, తర్వాత పైకి చదివింది.

"వాన కొలిచే ఆ హిందీ మారకూడదు."

ఇక్కడ హిందీ అంటే ఇండియా మనిషి. "దీని మీద మా ఆఫీసు సంతకం పెట్టాలి. పెట్టకపోతే మిషన్ లేదు" అని ఆమె కాగితం మడిచింది. తమ్మి నా వీపు మీద చరిచాడు. నేను తల తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాను.

ఆ వారంలోనే సంతకం అయింది. నేను ఇప్పటికీ ఆ కొండ మీదే ఉన్నాను. ఈ దేశంలో నా గురించి చాలా కాగితాలు రాశారు. వీసా కాగితం, లేబర్ కార్డు, గేటు పాసు, అన్నిటి మీదా నా పేరుంది, నంబరుంది, ఫోటో ఉంది. నా స్థానంలో రేపు ఇంకొకడు వచ్చినా వాటికేం పట్టదు. ఆ ఊరి కాగితంలో మాత్రం పేరు లేదు, ఫోటో లేదు. ఈ మనిషే కావాలని రాసి ఉంది.